గోల్డ్ కప్ రోజు ఏడు రేసులు: గెలిచే గుర్రాన్ని ఎలా చూస్తారు?

రీడింగ్_శ్రీను | శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్తే అండి. నేను రీడింగ్‌లో ఉంటున్నా, ఇండియా నుంచి వచ్చి మూడేళ్ళు. మా టీమ్ వాళ్ళు వచ్చే మార్చిలో ఇంగ్లండ్‌లోనే జరిగే చెల్టెన్హమ్ గుర్రపు పందేల ఫెస్టివల్‌కి, అదీ శుక్రవారం గోల్డ్ కప్ రోజుకి టికెట్లు తీశారు, నాకూ ఒకటి తీశారు. మా నాన్నగారు మలక్‌పేట రేసులకి వెళ్ళేవారు, పొద్దున్నే రేసు పుస్తకం పరుచుకుని గుర్రాల పేర్ల పక్కన పెన్సిల్‌తో ఏవో గుర్తులు పెట్టుకునేవారు, నేను పక్కన కూర్చుని చూసేవాణ్ణి గానీ ఆ గుర్తులేంటో ఎప్పుడూ అడగలేదు, ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేరు.

ఆ రోజు ఏడు రేసులట. మా వాళ్ళు పేరు బాగుందనో జాకీ చొక్కా రంగు నచ్చిందనో డబ్బు పెడతారు. నాకు అలా వద్దు. రేసు కార్డు, అంటే ఆ రోజు పరిగెత్తే గుర్రాల పట్టిక చూసి, ఇదిగో ఈ గుర్రానికి అవకాశం ఉంది, ఎందుకంటే ఇదీ కారణం అని నాకు నేను చెప్పుకోగలగాలి. నిన్న ఒక కార్డు తెరిచి చూస్తే అంకెలు, మధ్యలో ఇంగ్లీషు అక్షరాలు, పక్కన బరువులకి స్టోన్లు పౌండ్లు, ఏమీ ఎక్కలేదు. రోజు మొత్తానికి 50 పౌండ్లు పక్కన పెట్టుకున్నా, అవి పోయినా ఇబ్బంది లేదు. ఎక్కణ్ణించి మొదలుపెట్టాలి?

యాదన్న_బర్మింగ్‌హామ్ | శనివారం రాత్రి 10:05

తమ్మీ, ముందుగాల మీ నాయినకు దండం. నేను గూడ మలక్‌పేటల పెరిగినోన్నే, ఇరవై ఏండ్ల సంది ఇక్కడ జంప్ రేసులు, అంటే అడ్డాలు దుంకుకుంట ఉరికే రేసులు చూస్తున్న. మొదటి మూడేండ్లు మలక్‌పేట కండ్లతోనే చూసిన, మస్తు దెబ్బ తిన్న. ఎందుకంటే అక్కడ 1200, 1400 మీటర్లు, గేటు తెరిస్తే నిమిషంన్నరల ఖతం, డ్రా ఏంది అంటే ఎన్నో నంబరు గేటు నుంచి ఉరుకుతది, స్పీడెంత, జాకీ ఎవలు, గంతే లెక్క. ఇక్కడ గోల్డ్ కప్ అంటే మూడు మైళ్ళ రెండు ఫర్లాంగుల పైన, మన లెక్కల 5.3 కిలోమీటర్లు. 22 ఫెన్సులు దుంకాలె. ఒక్కో గుర్రం మీద 11 స్టోన్ 10 పౌండ్లు, అంటే 74 కేజీలు. స్టార్టింగ్ గేట్లు గూడ ఉండవు, టేపు లేస్తది, ఉరుకుడే. అంతా ఉరికినంక ఆఖరి ఫెన్సు దాటితే ముంగట గుట్ట ఎక్కుడు. ఆ గుట్ట మీద ముందున్న గుర్రం కాళ్ళు కట్టేసినట్టు అయితది, వెనక నుంచి ఇంకోటి వచ్చి ఎత్తుకపోతది, ఎన్నిసార్లు చూసిన్నో.

గందుకని నేను గెలిచేదాన్ని ఎతక. గెలవలేనిదాన్ని కొట్టేస్త. ప్రతి పేరు మీద మూడే అడుగుత. దుంకుతదా? ఇంత దూరం ఉరుకుతదా? ఇయ్యాల నేల దీనికి పడతదా? ఒక్కదానికి లేదు అని వచ్చినా గీత. ఇరవై పేర్లల్ల ఐదో ఆరో మిగులుతయి. అప్పుడు రేట్లు చూస్త, అంతకన్న ముందు చూడ. రేటు ముందు చూసినవంటే నీ కండ్లు దానెంబడే పోతయి.

లక్ష్మి_కిల్డేర్ | శనివారం రాత్రి 10:48

శ్రీను గారూ, నేను ఐర్లండ్‌లో నర్సుని, సెలవు దొరికితే పంచెస్‌టౌన్‌కో లెపర్డ్స్‌టౌన్‌కో రేసులకి వెళ్తాను. యాదన్న గారు చెప్పిన దుంకుడు సంగతి కార్డులో ఎక్కడ కనిపిస్తుందంటే మీకు ఎక్కలేదన్న ఆ అంకెల్లోనే. కుడి చివరన ఉన్నది ఆఖరి పరుగు, అక్కణ్ణించి ఎడమకి వెనక్కి చదువుకోవాలి. అంకె అంటే వచ్చిన స్థానం. ఎఫ్ అంటే గుర్రమే పడింది. యు అంటే గుర్రం నిలబడింది, జాకీ పడ్డాడు. పి అంటే మధ్యలో ఆపేశారు. బి అంటే పక్కది పడితే దాని వల్ల ఇదీ పడింది. ఆర్ అంటే దూకనని మొండికేసింది. బి ఉంటే పెద్దగా పట్టించుకోను, అది గుర్రం తప్పు కాదు కదా. వరసగా రెండు పి ఉంటే మాత్రం భయపడతాను, ఒంట్లో ఏదో బాలేదన్నమాట.

పక్కన సి ఉంటే ఈ కోర్సులో గెలిచింది, డి ఉంటే ఈ దూరంలో గెలిచింది, సీడీ కలిసి ఉంటే ఇదే కోర్సులో ఇదే దూరం గెలిచింది. చెల్టెన్హమ్‌లో ఈ అక్షరాలకి వేరే చోట్ల కంటే ఎక్కువ విలువ ఇస్తాను, ఎందుకంటే ఆ ఎత్తుపల్లాలు అన్ని గుర్రాలకీ పడవు. కెంప్టన్ చదునుగా ఉంటుంది, పైగా కుడివైపు తిరిగే కోర్సు, అక్కడ బాక్సింగ్ డే, అంటే డిసెంబర్ 26న అదరగొట్టిన గుర్రం ఇక్కడ ఎడమ తిరుగుడులో, దిగుడులో తడబడటం మామూలే. కౌటో స్టార్ లాంటిది రెండుచోట్లా గెలిచింది, కెంప్టన్‌లో కింగ్ జార్జ్ రేసు ఐదుసార్లు, ఇక్కడ గోల్డ్ కప్ 2007లో, మళ్ళీ 2009లో. అలాంటివి ఎప్పుడో ఒకటి పుడతాయి.

గుంటూరు_లెక్కలు | ఆదివారం పొద్దున 7:30

రేటు ఆఖర్న చూడటం సరే గానీ అది చదవటం కూడా తెలియాలిగా. 7/2 అంటే రెండు పెడితే ఏడు లాభం. కింది అంకెని రెండిటి మొత్తంతో భాగించండి, 2ని 9తో భాగిస్తే 22 శాతం, అంటే బుకీ దృష్టిలో ఆ గుర్రానికి ఉన్న అవకాశం అంత. ఇలా రేసులో ఉన్న అన్ని గుర్రాలకీ వేసి కూడితే వంద దాటుతుంది, ఆ దాటిన ముక్కే బుకీ తినేది. మీకు 30 శాతం ఉందనిపించిన గుర్రానికి వాడు 22 శాతం రేటు ఇస్తుంటే పెట్టొచ్చు, వాడు 40 శాతం రేటు ఇస్తుంటే గుర్రం ఎంత గొప్పదైనా వదిలేయాలి.

ఫేవరేట్లు, అంటే జనం ఎక్కువగా నమ్మి రేటు అన్నిటికంటే తగ్గినవి, సుమారుగా మూడింట్లో ఒకటి గెలుస్తాయి. కళ్ళు మూసుకుని ప్రతి ఫేవరేట్ మీదా పెట్టినా ఆఖరికి నష్టమే, ఎందుకంటే గెలిచినప్పుడు వచ్చేది తక్కువ. 2025 గోల్డ్ కప్ తీసుకోండి, గాలోపాన్ డె షాం అంతకుముందు రెండేళ్ళూ గెలిచింది, మూడోసారికి 8/13 రేటు, అంటే దాదాపు 62 శాతం. రెండో స్థానంలో వచ్చింది. గెలిచింది ఇనోదివేయర్‌థింకిన్, 15/2, లెక్కలో 12 శాతం కూడా లేదు.

నిజాంపేట_కార్తీక్ | ఆదివారం 11:20

బ్రో ఇదంతా రేసు అయిపోయాక చెప్పడం ఈజీ. అదే రోజు మొదటి రేసు ట్రయంఫ్ హర్డిల్‌లో (హర్డిల్ అంటే ఫెన్స్ కన్నా చిన్న అడ్డం) పొనిరోస్ గెలిచింది, 100/1, అంతకుముందు జీవితంలో ఒక్క హర్డిల్ రేసు కూడా పరిగెత్తలేదు. యాదన్న పద్ధతిలో చూస్తే దుంకుతదా అన్న ప్రశ్నకే గీత పడిపోయేది. అదే వారం మంగళవారం ఛాంపియన్ హర్డిల్‌లో కాన్‌స్టిట్యూషన్ హిల్ పడిపోయింది, తర్వాత ముందున్న స్టేట్ మ్యాన్ ఆఖరి హర్డిల్ దగ్గర పడిపోయింది, 25/1 గోల్డెన్ ఏస్ గెలిచింది. ఇంకా వెనక్కి వెళ్తే 1967లో గ్రాండ్ నేషనల్ అనే ఇంకో పెద్ద జంప్ రేసులో ముందున్నవన్నీ ఒక ఫెన్స్ దగ్గర ఒకదాని మీద ఒకటి గుమిగూడిపోతే ఎక్కడో వెనకున్న ఫోయినావన్ ఒక్కటే దాటుకుని వెళ్ళి 100/1 కి గెలిచింది. అలాంటప్పుడు ఈ లెక్కలన్నీ దేనికి? నేను గట్టిగానే అడుగుతున్నా, ఎవరైనా జవాబు చెప్పండి.

యాదన్న_బర్మింగ్‌హామ్ | ఆదివారం 12:15

కార్తీక్ తమ్మీ మంచి మాట అడిగినవ్. నేను గూడ ఆ రోజు గాలోపాన్ మీదనే పెట్టిన, దాచుకునేది ఏం లేదు. పొనిరోస్‌ను నేను జన్మల పట్టకపోదును. కానీ ఒకటి చూడు, ట్రయంఫ్ అంటే నాలుగేండ్ల పిల్ల గుర్రాలు, చానావాటికి హర్డిల్స్ మీద కొన్ని పరుగులే, కొన్ని ఫ్లాట్ నుంచి, అంటే అడ్డాలు లేని రేసుల నుంచి వచ్చినయి. ఐర్లండ్ ట్రైనర్ విల్లీ ముల్లిన్స్ ఒక్కడే అండ్ల లెక్కలేనన్ని దింపిండు, పొనిరోస్ గూడ ఆయనదే. కార్డుల రాసి లేనిది నువ్వెట్ల చదువుతవ్? అసొంటి రేసు నేను వదిలేస్త. చూసి చప్పట్లు కొడుత. ఏడు రేసులల్ల మూడిట్ల పెడితే ఎక్కువ. ఏది వదలాల్నో తెలిసినోడే ఇంటికి పైసలతోని పోతడు.

లక్ష్మి_కిల్డేర్ | ఆదివారం 1:02

నేను గోల్డెన్ ఏస్ గురించి చెప్తాను, అది పూర్తిగా అదృష్టం అంటే ఒప్పుకోను. రెండు గుర్రాలు పడకపోతే గెలిచేది కాదు, నిజమే. కానీ ఆ రేసులో బ్రైటర్‌డేస్‌అహెడ్ అని అందరూ మోసిన ఆడగుర్రం ఉంది కదా, దాన్ని అంతకుముందు ఏడాది ఇదే చెల్టెన్హమ్‌లో, 2024లో కొత్త ఆడగుర్రాలకి పెట్టే మేర్స్ నోవిస్ హర్డిల్‌లో, ఈ గోల్డెన్ ఏసే ఓడించింది. ఈ గుట్ట ఎక్కి గెలిచిన గుర్రం అది. పైగా ఆడగుర్రాలకి 7 పౌండ్ల బరువు తగ్గింపు ఉంటుంది. 25/1 అంటే 4 శాతం లోపు. గెలుస్తుందని నేనూ అనుకోలేదు, కానీ ముందున్నవాటికి ఏదైనా అయితే అందుకునే చోట ఉండే గుర్రం అని మాత్రం అనుకోవచ్చు.

ఇనోదివేయర్‌థింకిన్ కూడా అంతే. 2024 ఫెస్టివల్‌లో కిమ్ మ్యుయర్ అనే రేసు గెలిచింది, అదే కోర్సు, దగ్గర దగ్గర అదే దూరం. ఆ చలికాలం లెపర్డ్స్‌టౌన్‌లో గాలోపాన్ చేతిలో ఓడిపోయింది గానీ అక్కడ దూరం తక్కువ. అసలు మొదట గోల్డ్ కప్‌కి ఎంట్రీయే లేదు, గ్రాండ్ నేషనల్‌కి ఉంచుకున్నారు, తర్వాత 25,000 పౌండ్లు కట్టి చివర్లో చేర్చారు. ఓనరు జేపీ మెక్‌మానస్, ట్రైనర్ గావిన్ క్రామ్‌వెల్, ఇద్దరూ ఊరికే డబ్బు పారేసేవాళ్ళు కాదు. పొద్దున కార్డు చూసేటప్పుడే ఈ మూడు సంగతులూ అందరి కళ్ళ ముందూ ఉన్నాయి. నేను ఈచ్ వే పెట్టాను.

రీడింగ్_శ్రీను | ఆదివారం 1:20

లక్ష్మి గారూ ఈచ్ వే అంటే? మలక్‌పేటలో విన్, ప్లేస్ విడివిడిగా ఆడినట్టేనా?

గుంటూరు_లెక్కలు | ఆదివారం 1:41

దాదాపు అదే. 5 పౌండ్లు ఈచ్ వే అంటే 10 పోతాయి జేబులోంచి, ఐదు గెలుపు మీద, ఐదు ప్లేస్ మీద. మామూలు రూల్ ఏంటంటే 5 నుంచి 7 గుర్రాలుంటే మొదటి రెండు స్థానాలకి, రేటులో నాలుగో వంతు. హ్యాండీక్యాప్ కాని రేసుల్లో (హ్యాండీక్యాప్ ఏంటో కింద చెప్తా) 8, ఆ పైన ఉంటే మూడు స్థానాలకి, ఐదో వంతు. హ్యాండీక్యాప్‌లో 16 అంతకంటే ఎక్కువుంటే నాలుగు స్థానాలకి, నాలుగో వంతు. ఉదాహరణకి 20/1 గుర్రం పది గుర్రాల రేసులో రెండోది వచ్చిందనుకోండి, ప్లేస్ రేటు 4/1, మీ ఐదుకి 25 చేతికొస్తుంది, పెట్టింది 10 కాబట్టి 15 మిగులు. అదే 2/1 గుర్రం మీద ఈచ్ వే పెట్టి అది రెండోది వస్తే మీకు నష్టమే, వేసి చూసుకోండి. పెద్ద రేటు గుర్రాలకే ఇది.

శుక్రవారం కార్డులో కౌంటీ హర్డిల్, మార్టిన్ పైప్ రెండూ హ్యాండీక్యాప్‌లు, ఇరవై పైన గుర్రాలుంటాయి. హ్యాండీక్యాప్ అంటే మంచి గుర్రానికి ఎక్కువ బరువు, తక్కువదానికి తక్కువ, రేటింగ్‌లో ఒక పాయింటుకి ఒక పౌండు. అందర్నీ ఒకేసారి గీత దాటించాలని హ్యాండీక్యాపర్, అంటే ఆ బరువులు నిర్ణయించేవాడి ప్రయత్నం. కాబట్టి మీరు వెతకాల్సింది ఎవరి రేటింగ్ ఇంకా వాళ్ళ అసలు సత్తాని అందుకోలేదా అని. తక్కువ పరుగులు, ఎదుగుతున్న వయసు, అంతకుముందు పెద్ద రేసులో గట్టివాటితో తలపడినవి. 2025 కౌంటీ గెలిచిన కార్గీస్ అంతకుముందు ఏడాది ట్రయంఫ్‌లో రెండోది.

నెల్లూరు_వంశీ | ఆదివారం సాయంత్రం 5:33

ఒక్క మాట చెప్పి వెళ్తా. శ్రీను, నువ్వు 50 అన్నావు, ఆ 50 నోట్ల రూపంలో జేబులో పెట్టుకుని వెళ్ళు, ఫోన్లో యాప్ వద్దు. నేను ఒకప్పుడు సరదాగా మొదలుపెట్టి, పోయింది తిరిగి తెచ్చుకుందామని రాత్రిళ్ళు ఎక్కడెక్కడి రేసులో ఆడి ఇంటి అద్దె పోగొట్టుకున్నా, మా ఆవిడకి చెప్పడానికి నాలుగు నెలలు పట్టింది. గ్యామ్‌స్టాప్‌లో పేరు రాయించుకున్నాక ఊపిరి పీల్చుకున్నా, అందులో ఒకసారి నమోదైతే ఇక్కడి లైసెన్సున్న సైట్లు ఏవీ మనల్ని రానివ్వవు. రేసులు మాత్రం ఇప్పటికీ చూస్తా, పైసా పెట్టకుండా. హైదరాబాద్, విజయవాడ నుంచి చదివేవాళ్ళకి కూడా, తెలంగాణలో 2017 నుంచి, ఏపీలో 2020 నుంచి ఆన్‌లైన్ బెట్టింగ్ నిషేధం, ఈ థ్రెడ్ చదివి యాప్‌లు వెతక్కండి తమ్ముళ్ళూ.

రీడింగ్_శ్రీను | ఆదివారం సాయంత్రం 6:10

వంశీ అన్నా, ఇది రాసినందుకు చాలా థాంక్స్. నోట్లే తీసుకెళ్తా, మాటిస్తున్నా.

పావని_కార్డిఫ్ | ఆదివారం రాత్రి 8:26

నాకు గుర్రాలంటే ప్రాణం, అందుకే ఈ రేసులు చూడాలా వద్దా అని ప్రతి ఏడాదీ మనసులో గొడవే. గుర్రం పడినప్పుడు దాని చుట్టూ తెర కట్టేస్తారే, ఆ నిమిషం ఊపిరి ఆడదు. 2024లో గ్రాండ్ నేషనల్‌కి గుర్రాలని 40 నుంచి 34కి తగ్గించారు, అది మంచి పని, ఇంకా చేయాల్సింది ఉందనే నా అభిప్రాయం. నేను పెట్టుకున్న నియమం ఒకటుంది, ఈమధ్య పరుగుల్లో ఎఫ్ ఉన్న గుర్రం మీద ఎంత మంచి రేటున్నా పెట్టను. అది డబ్బు లెక్క కాదు, నా మనసుకి. కానీ డబ్బు పరంగా కూడా నేనేం నష్టపోలేదు, పడే అలవాటున్న గుర్రాన్ని వదిలేయడం తెలివైన పనే కదా.

ఇంకో సంగతి, అక్కడికి వెళ్తున్నారు కాబట్టి రేసు ముందు గుర్రాలని నడిపించి చూపించే పెరేడ్ రింగ్ దగ్గర నిలబడి చూడండి. తెలిసినవాళ్ళు కూడా ఇది వదిలేస్తారు. మెడ మీద, తొడల మధ్య తెల్లటి నురగలా చెమట పట్టిందా, తల ఎగరేస్తూ పక్కవాళ్ళని లాగుతుందా, లేక చెవులు ముందుకి పెట్టి పొడుగు అడుగులతో నెమ్మదిగా నడుస్తుందా. మూడు మైళ్ళు పరిగెత్తాల్సిన గుర్రం రింగులోనే సగం శక్తి తగలేస్తే గుట్ట ఎక్కేసరికి ఏం మిగులుతుంది?

యాదన్న_బర్మింగ్‌హామ్ | ఆదివారం రాత్రి 9:02

పావనమ్మ లాఖ్ రూపాయల మాట చెప్పింది. మలక్‌పేటల గూడ పెద్దోళ్ళు ప్యాడాక్ కాడనే నిలబడేటోళ్ళు.

నేల గురించి ఎవ్వలు చెప్పలేదు. గోయింగ్ అంటరు, హెవీ అంటే మస్తు బురద, తర్వాత సాఫ్ట్, గుడ్ టు సాఫ్ట్, గుడ్, గట్ల పోతది. రాత్రి వాన పడితే పొద్దున మారిపోతది, గందుకని ముందు రోజు చదివి పక్కా చేసుకోకు, రేసు పొద్దున మళ్ళ చూడు. కొన్ని గుర్రాలు బురదల ఏనుగు లెక్క పోతయి, ఆరిన నేల మీద వాటికి అందదు. కొన్ని ఉల్టా. ఒక్కో గుర్రం గెలిచిన రేసులు ఏ నేల మీద గెలిచిందో వెనక్కి చూస్తే రెండు నిమిషాల్ల తెలుస్తది. దూరం సంగతికి ఆల్బర్ట్ బార్ట్‌లెట్ చూడు, శుక్రవారమే ఉంటది, మూడు మైళ్ళ నోవిస్ హర్డిల్, అంటే కొత్త గుర్రాలది. అండ్ల స్పీడు గుర్రం పనికిరాదు, మొండి గుర్రం కావాలె. 2025ల గెలిచిన జాస్మిన్ డె వో అంతకుముందు ఏడాది ఇక్కడనే బంపర్ గెలిచింది, బంపర్ అంటే జంప్ గుర్రాలకు అడ్డాలు లేకుండ పెట్టే రేసు, ముల్లిన్స్‌కు ఫెస్టివల్ల నూరో గెలుపు ఆ బంపరే.

నిజాంపేట_కార్తీక్ | ఆదివారం రాత్రి 9:40

ఓకే అన్నా, కొట్టేసే పద్ధతి నాకు నచ్చింది. ట్రైనర్ పేరు చూసి పెట్టడం గురించి? ముల్లిన్స్ అంటే చాలు జనం పెట్టేస్తారుగా, 2025 గ్రాండ్ నేషనల్‌లో మొదటి మూడూ ఆయనవే.

లక్ష్మి_కిల్డేర్ | ఆదివారం రాత్రి 10:15

అదే ఇబ్బంది కార్తీక్. ఆయనవే మొదటి మూడు, నిజం, కానీ గెలిచిన నిక్ రాకెట్ 33/1. దాని మీద కూర్చున్నది ఆయన కొడుకు ప్యాట్రిక్, అమెచ్యూర్ రైడర్. ఒకే స్టేబుల్ నుంచి, అంటే ఒకే ట్రైనర్ లాయం నుంచి నాలుగైదు వస్తే మొదటి జాకీ ఏది ఎంచుకున్నాడో జనం దానెంట పడతారు, దాని రేటు పడిపోతుంది, మిగతావాటికి పెరుగుతుంది. కొన్నిసార్లు ఆ మిగతావాటిలోనే ఉంటుంది విలువ. అయినా పేరు చూసి కాదు, ఆ మూడు ప్రశ్నలకీ నిలబడిందో లేదో చూశాకే. ఇంకా గుర్రం పేరు పక్కన గాలి ఆపరేషన్ గుర్తు ఉంటే గమనించండి, ఊపిరి దారి సరిచేసే ఆపరేషన్ తర్వాత మొదటి పరుగు అని అర్థం, 2018 నుంచి బ్రిటన్‌లో ఇది చెప్పి తీరాలి. కొన్ని గుర్రాలు దాంతో పూర్తిగా మారిపోతాయి.

రీడింగ్_శ్రీను | మరుసటి శనివారం రాత్రి 8:50

అందరికీ మళ్ళీ నమస్తే. ఈరోజు ఒక చిన్న మీటింగ్ కార్డు తీసుకుని డబ్బు పెట్టకుండా ప్రాక్టీస్ చేశా. ఆరు రేసుల్లో మూడు వదిలేశా. మిగతా మూడింట్లో గీతలు కొట్టుకుంటూ పోతే ఒకదాంట్లో నాలుగు, ఒకదాంట్లో మూడు, ఇంకోదాంట్లో రెండు మిగిలాయి. మూడింట్లోనూ గెలిచింది మిగిలినవాటిలోదే, అందులో రెండు ఫేవరేట్లు కాదు. ఒక్క రోజుతో ఏం తెలియదు గానీ రేసు చూస్తుంటే మొదటిసారి నాకు తెలిసి చూస్తున్నట్టు అనిపించింది, ఎక్కడ దుంకుడు తప్పిందో, ఎవరికి ఊపిరి అయిపోయిందో.

ఇంకోటి చెప్పాలి. అమ్మకి ఫోన్ చేసి అడిగితే బీరువాలో నాన్నగారి రేసు పుస్తకం ఒకటి దొరికిందని ఫోటోలు పంపింది. ఒక్కో రేసులో సగానికి పైగా పేర్ల మీద సన్నగా గీత కొట్టి ఉంది. రెండో మూడో మిగిల్చారు. కొన్ని పేజీల్లో మొత్తం రేసుకే అడ్డంగా ఒక గీత. కొన్ని పేర్ల పక్కన 'వా' అని చిన్నగా రాసుంది, అది నాకు అర్థం కాలేదు.

లక్ష్మి_కిల్డేర్ | శనివారం రాత్రి 9:05

వాన అయ్యుంటుంది శ్రీను గారూ. ఆ పుస్తకం ఏ నెలదో చూడండి.

రీడింగ్_శ్రీను | శనివారం రాత్రి 9:11

ఆగస్టు.

యాదన్న_బర్మింగ్‌హామ్ | శనివారం రాత్రి 9:30

మాన్‌సూన్ సీజన్, తడి నేల మీద ఉరికేవాటికి పెట్టుకున్నడు. తమ్మీ, ఆ ఫోటోలు ఫోన్ల ఉంచుకో. మార్చిల నువ్వు చెల్టెన్హమ్ పోయిననాడు నేను గూడ అక్కడనే ఉంట, పెరేడ్ రింగ్ కాడ కలువు. పెన్సిల్ నేను తెస్త.